గంటకోసారి తీసే తలుపు

తడి దుప్పటి కొనలు రెండు చేతులా పట్టుకుని, ఒక్క దులుపు దులిపి, పెద్దక్క దాన్ని ఇస్త్రీ రోలర్ నోటికి అందించింది. అవతలి కొన పట్టుకున్న చిన్నది అర క్షణం ఆలస్యం చేసింది. దుప్పటి వంకరగా పోయి ముడత పడింది.

"నిద్రపోతున్నావేమే?"

"లేదక్కా. కళ్ళల్లో చెమట."

"అందరి కళ్ళల్లోనూ అదే ఉందిలే. పట్టు."

ఆ పెద్ద హోటలుకి ఎన్ని అంతస్తులున్నాయో లెక్కపెట్టేవాళ్ళు నేల అడుగున ఇంకొకటి ఉందని మర్చిపోతారు. ఆ అడుగు గదిలో పెద్దక్క ఇరవై రెండేళ్ళుగా దుప్పట్లు ఇస్త్రీ చేస్తోంది. ఆవిడ చేతుల మీదుగా పోయిన దుప్పట్లన్నీ కలిపి కుడితే చందమామకి ముసుగేసి, మిగిలిన గుడ్డతో భూమికి గలేబు తొడగొచ్చు. గదిలో ఆవిరి ఎంతంటే, కొత్తగా చేరినవాళ్ళకి పక్కవాళ్ళ మొహం కనపడడానికి వారం పట్టేది. గోడ గడియారం ఆ వేడికి ఉబ్బిపోయి ముల్లు కదల్లేక పావుగంట వెనకగా నడిచేది. కిటికీ లేదు. ఫ్యాను ఒకటి ఉంది. అది వేడి గాలిని ఒకరి మీంచి తీసి ఇంకొకరి మీద పోసేది.

పెద్దక్క పొట్టి మనిషి. రోలర్ తగిలి కాలిన మచ్చలు ముంజేతుల మీద గాజుల్లా వరసగా ఉంటాయి. మాట మధ్యలో ఊపిరి కోసం ఆగుతుంది. చిన్నది మొదట్లో దాన్ని కోపమనుకుంది. పెద్దక్క మొగుడు పోయినప్పుడు మూడు రోజులు, కూతురి పురుడికి రెండు రోజులు సెలవు పెట్టింది, అంతే. ఇస్త్రీ చేసిన దుప్పటి మీద మాత్రం జన్మలో ఒక్కసారీ పడుకోలేదు.

పదకొండింటికి బాయిలర్ వైపు నుంచి రెండు దగ్గులు వినిపించాయి. అది జలుబు దగ్గు కాదు. వెనక తలుపు గడియ తీస్తున్నానని బాయిలర్ చూసుకునే తమ్ముడు పంపే కబురు. ఆ తలుపు అవతల హోటలు తోట. అక్కడ కుర్చీల్లో వాలిన అతిథుల ముక్కులకి సబ్బు ఆవిరి తగలకూడదని, తలుపు తీసినవాళ్ళ ఉద్యోగం పోతుందని ఆఫీసువాళ్ళు కాగితం అంటించారు. ముగ్గురు పిల్లల తండ్రి, తన నీడని చూసి తనే పక్కకి తప్పుకునే రకం, అయినా గంటకోసారి ఐదు నిమిషాలు తీసేవాడు.

గాలి వచ్చింది. పెద్దక్క నోరు తెరిచి దాన్ని తాగింది.

"తమ్ముడూ, ఇవాళ చల్లగా ఉందే. ఎక్కడ తెప్పించావు?"

"పైవాళ్ళ ఏసీలోంచి నీకోసం కోసుకొచ్చానక్కా."

పోయిన వేసవిలో ఆ గదిలోని పన్నెండు మందీ ఆవిరి బయటికి లాగే మిషను ఒకటి పెట్టించమని అడిగారు. ఆఫీసు మూడు నెలలు బుర్ర బద్దలు కొట్టుకుని ఆలోచించింది. మిషను రాలేదు, ధ్యానం వచ్చింది. భోజనానికిచ్చే అరగంటలో ఇరవై నిమిషాలు దానికి పోయాయి. మిగిలిన పది నిమిషాల్లో తినాలి, చేతులు కడుక్కోవాలి, బాత్రూం ముందు వరసలో నిలబడాలి.

ధ్యానం మేడమ్ మంచి పిల్ల. చాప మీద కూర్చుని దూదిలాంటి గొంతుతో చెప్పేది. కళ్ళు మూసుకోండి. గాలి బాగా పీల్చండి. మీకు దొరికినవన్నీ ఒక్కొక్కటిగా తలుచుకుని లోపల్లోపల థాంక్స్ చెప్పండి. ఉన్నవి చూసుకోవడం అలవాటైతే లేనివి బాధపెట్టవు. ఆ చివరి మాట ఆఫీసరు బాబుకి ఎంత నచ్చిందంటే, అచ్చేయించి గోడకి కొట్టించాడు.

బాయిలర్ వదిలి రాకూడదు కాబట్టి తమ్ముడికి ధ్యానం లేదు. పదకొండు మంది కళ్ళు మూసుకుని హాయిగా కునుకు తీసేవాళ్ళు. పెద్దక్క ఒక్కతే నమ్మింది. ఏ పని చేతికిచ్చినా అంచుల దాకా చెయ్యడం ఆవిడ అలవాటు. ఈ పనీ అలాగే చేసింది. రోలర్ దగ్గర నిలబడి దుప్పటికొకటి చొప్పున చెప్పుకునేది. బస్సులో చోటిచ్చిన మనిషికి. పొద్దున్నే తల దువ్విన కూతురికి. దుప్పట్లలో పిన్నీసులు గుచ్చుకోకుండా ఏరి పంపే పై గదుల అమ్మాయికి. ఆ అమ్మాయి మొహం ఇంతవరకూ చూసింది లేదు. ఇంకా వంగుతున్నందుకు తన మోకాళ్ళకి. నెల తిరిగేసరికి నిజంగానే మనసు తేలికైంది. తేలికైన మనసులోకి కోపం వచ్చి కూర్చుంది.

"ఎంత వెతికినా ఆఫీసు నుంచి ఒక్క మనిషీ తగల్లేదే," అంది చిన్నదానితో. "ఇరవై రెండేళ్ళు. ఎవరైనా ఒక గ్లాసు మంచినీళ్ళు ఇచ్చి ఉండకపోతారా అని చూశా."

"ఇచ్చారుగా, ధ్యానం."

"అది మన భోజనంలోంచి తీసిచ్చారు."

ఆ మధ్యాహ్నం ధ్యానానికి ఆఫీసరు బాబు కూడా అట్టముక్కలు పట్టుకుని దిగాడు. యజమాని చూడడానికి గోడ నిండా థాంక్సులు అతికించాలట. బాగా చెప్పినవాళ్ళని పైన మడతల గదికి మారుస్తానన్నాడు. మడతల గదికి కిటికీ ఉంది. ఆ కిటికీ కోసం పెద్దక్క రెండేళ్ళుగా అడుగుతోంది. ఇంకో వేసవి ఈ ఆవిరిలో గడిపితే ఛాతీ ఊరుకోదని డాక్టరు చెప్పాడు.

"ఇవాళ వస్తువులొద్దు," అంది మేడమ్. "మీతో పనిచేసే ఒక్క మనిషి. మీకు చేసిన మంచి, ఇంకెవరికీ తెలియనిది. కళ్ళు తెరవకుండా చెప్పండి."

మొదటి ముగ్గురూ ఆఫీసరు గారికే థాంక్స్ చెప్పారు. చిన్నది కూడా ఆఫీసరు గారికే చెప్పి నాలుక కరుచుకుంది. పెద్దక్క అప్పటికే చాలా లోపలికి పోయి ఉంది.

"బాయిలర్ తమ్ముడికి," అంది. "గంటకోసారి వెనక తలుపు తీస్తాడు. ఆ ఐదు నిమిషాలే నేను బతికేది."

పెన్ను గీసిన చప్పుడు వినిపించింది.

"గంటకోసారా?" ఆఫీసరు గొంతు మెత్తగా ఉంది.

"గంటకోసారే బాబూ. ఒక్కనాడూ మర్చిపోలేదు. పాపం, భయపడుతూనే తీస్తాడు."

చిన్నది మోకాలితో పొడిచింది. పెద్దక్క కళ్ళు తెరిచింది. ఎంత బాగా చెప్పారో అంటూ మేడమ్ కళ్ళు తుడుచుకుంటోంది. మిగతా అట్టముక్కలన్నీ గోడకెక్కాయి. పెద్దక్కది మాత్రం ఆఫీసరు జేబులోకి పోయింది. మిగిలిన పది నిమిషాలూ ఆవిడ డబ్బా తియ్యకుండా అతనెక్కిన మెట్ల వైపే చూస్తూ కూర్చుంది.

ఒంటిగంటకి దగ్గు వినపడలేదు. రెండింటికి తమ్ముడే వచ్చాడు, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ.

"రేపట్నుంచి రావద్దన్నారక్కా."

దుప్పటి పెద్దక్క చేతుల్లోనే ఆగిపోయింది.

"నువ్వు చెప్పింది మంచే కదా," అన్నాడతను. "పదకొండేళ్ళలో నన్ను మెచ్చుకున్న మాట అదొక్కటే. కాస్త మెల్లగా మెచ్చుకోవాల్సింది."

"ఇంట్లో ఏం చెప్తావురా?"

"ఏం చెప్పను. మంచిపేరొచ్చి ఉద్యోగం పోయిందనా?"

పెద్దక్క తడి చేతులతోనే మెట్లెక్కింది. నలభై మెట్లు. పదేసి మెట్లకి ఒకసారి ఆగింది. ఆగినప్పుడల్లా కోపం ఒక గరిటెడు పెరిగింది. పైకి చేరేసరికి ఆవిడలో బాయిలర్‌లో ఉన్నదానికన్నా ఎక్కువ ఆవిరి ఉంది.

"బాబూ, కళ్ళు మూసుకోమన్నారు, మూసుకున్నా. మంచి చేసినోళ్ళ పేరు చెప్పమన్నారు, చెప్పా. చెప్పిన పేరు పట్టుకుని గెంటేస్తామని ముందే ఎందుకు చెప్పలేదు?"

"రూలు రూలే పెద్దక్కా. నీ మీద నాకేం లేదు. పైగా మడతల గదికి నీ పేరే రాశాను."

ఆవిడ ఊపిరి కోసం ఆగింది.

"కిటికీ ఉన్న గదికేనా?"

"ఆఁ. సోమవారం నుంచి."

పెద్దక్క ఆ కిటికీని మనసులో ఒకసారి బార్లా తెరిచి చూసుకుంది. మళ్ళీ మూసేసింది.

"తలుపు తీసేది నేను," అంది.

"ఏంటీ?"

"నేనే. గంటకోసారి. నా గొప్ప నేనే చెప్పుకుంటే బావుండదని తమ్ముడి పేరు పెట్టా."

"నువ్వుండేది రోలర్ దగ్గర. తలుపుండేది బాయిలర్ పక్కన. ఎలా తీస్తావు?"

"నా చెయ్యి పొడుగు."

ఆఫీసరు ఆవిడ పొట్టి చేతుల వైపు చూశాడు. అబద్ధమని అతనికి తెలుసు. బాయిలర్ తెలిసిన మనిషి దొరకడం ఎంత కష్టమో కూడా తెలుసు. రోలర్ దగ్గరికైతే పిలిస్తే రేపే వస్తారు. అతను పెద్దక్క పేరుతో ఇంకో కాగితం రాసి ముందుకు తోశాడు. పెద్దక్క బొటనవేలు ఆనించింది. గీతల్లేని నున్నటి నల్లమచ్చ పడింది.

"సరిగ్గా పడలేదు. ఇంకోసారి వెయ్యి."

"ఎన్నిసార్లేసినా అంతే బాబూ. గీతలన్నీ మీ దుప్పట్లలోనే ఉన్నాయి, వెతుక్కోండి."

మళ్ళీ ఆ మెట్లు దిగి ఎక్కే ఓపిక లేదు. సామాన్ల గేటులోంచి వీధిలోకి నడిచి, మూడున్నర బస్సెక్కి వెళ్ళిపోయింది.

ఆఫీసరు కిందకి వచ్చి తమ్ముణ్ణి ఉండిపొమ్మన్నాడు. ఎందుకో చెప్పలేదు. వెనక తలుపుకి తాళం వేసి చెవి జేబులో వేసుకున్నాడు.

"అక్క ఏదే?" అన్నాడు తమ్ముడు. విషయం చెప్పి ఆనందపెడదామని అతని మొహం వెలిగిపోతోంది.

"పైకి పోయింది. వస్తుంది," అంది చిన్నది. ఒక్కతే దుప్పటి రెండు కొనలూ పట్టుకోబోయి, రెంటినీ జారవిడిచింది.

సాయంత్రం పని దిగేటప్పుడు, చల్లారకుండా బాయిలర్ పైపు మీద వరసగా పెట్టుకునే భోజనం డబ్బాలు ఎవరివి వాళ్ళు తీసుకున్నారు. ఒకటి మిగిలింది. తమ్ముడు దాన్ని అందుకోబోయి వేళ్ళు వెనక్కి లాక్కున్నాడు. మూత తియ్యని ఆ డబ్బా ఇంకా చెయ్యి కాలేంత వేడిగా ఉంది.