థార్న్‌బీల వంశవృక్షం

చందనంబున నిజమూర్తిఁ జాటుచేసి
యేఁట నొకనాఁడు మాత్రమే యెదుట నిలుచు
సింహగిరివాస! కరుణతోఁ జిత్తమందు
నిలిచి పలికింపు సత్యమే నిర్మలముగ.

రెండువేల సంవత్సరంలో, ఇంటర్నెట్టు అనే మాటకు మంత్రాక్షరమంత మహిమ ఉన్న రోజుల్లో, సింగపూరు సైన్స్ పార్కులోని ఒక గాజుగోడల కట్టడంలో ఒక కొత్త సంస్థ వెలసింది. ఆంగ్లేయుల ఇంటిపేరు ఏదైనా ఒకటి కొడితే, ఆ పేరు మోసిన ప్రసిద్ధులందరినీ ఒక్క పుటమీదికి తెచ్చి నిలబెట్టడం ఆ సంస్థ పని. ఖగోళజ్ఞుడు, మల్లుడు, న్యాయాధిపతి, చిత్రకారుడు, ఎవరి రంగం వారిదే అయినా ఇంటిపేరు అందరినీ ఒక పంక్తిలో కూర్చోబెట్టేది.

ఆ సంస్థలో ప్రోగ్రాములు రాసేవారిలో పెద్దవాడు రంగనాథ్. స్వస్థలం రాజమహేంద్రవరం. నలభై ఆరేళ్ల వయసు. జురాంగ్ ఈస్ట్‌లో అద్దె ఫ్లాటు, భార్య తారాదేవి, ఆ ఏడు పెద్ద పరీక్షకు కూర్చోబోయే కూతురు. పౌరోహిత్యం చేసే ఇంట పుట్టినవాడు కనుక ఎదుటివాని ఇంటిపేరు వింటే గోత్రమూ ప్రవరా దానంతటవే మనసులో మెదిలేవి. ఇంటిపేరంటే ఇల్లే. ఆ ఇంట ఎక్కడో ఒకరు కన్నుమూస్తే, ముఖమెరుగని దాయాదులు కూడా పదిరోజులు మైల పడతారు. ఈ సంస్కారం అతనిలో ఎంత లోతుగా దిగి ఉన్నదంటే, దానిని ఒక నమ్మకమని అతడు ఎన్నడూ అనుకోలేదు. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడన్నంత సహజమైన విషయమనే అనుకున్నాడు.

ఆ సంస్కారంతోనే అతడు ఒక సూత్రం రాశాడు. ఇంటిపేరు అరుదైనదై, ఇద్దరు మనుషులు ఒకే ప్రాంతంలో జీవించినవారై, వారి నడుమ ఒకటి రెండు తరాల కాలం ఎడమై ఉంటే, కంప్యూటరు వారిద్దరినీ బంధువులుగా ముడివేస్తుంది. పుటల పక్కన వంశవృక్షాలు మొలిచాయి. నలభైవేల బంధుత్వాలు ఒక్క వారంలో వెలిశాయి. డైరెక్టరు పొంగిపోయి, ఇలాంటిది ఎవరిదగ్గరా లేదని, రాబోయే శుక్రవారం పెట్టుబడిదారుల ఎదుట దీనినే ప్రదర్శిద్దామని అన్నాడు. రంగనాథ్ ఆ దేశంలో ఉండటానికి కావలసిన ఉద్యోగపు పాసు పొడిగింపు కాగితాలు అప్పటికి ఆ డైరెక్టరు బల్లమీదే ఉన్నాయి.

అనుమానం వెలిబుచ్చింది ఒక్క కీర్తిక. లోపాలను పరీక్షించి రాసి పెట్టే ఉద్యోగం ఆమెది. విశాఖ ప్రాంతం నుంచి నూరేళ్ల కిందట రబ్బరు తోటలకు వచ్చిన కుటుంబంలో ఐదో తరం పిల్ల.

"ఒకే సర్‌నేమ్ అయితే ఒకే ఫ్యామిలీయా, అంకుల్? అలాగైతే ఇక్కడి చైనావాళ్లలో టాన్‌లందరికీ ఒకే తాత అన్నమాట. పాపం, ఆ తాత ఎంత కష్టపడి ఉంటాడో."

రంగనాథ్ నవ్వాడు. "టాన్‌లు లక్షల్లో ఉన్నారమ్మా. మన పుటల్లోని థార్న్‌బీలు ఎంతమంది? అంత అరుదైన ఇంటిపేరు ఒకే సీమలో రెండుమార్లు కనబడిందంటే అది ఒకే ఇల్లు. మా నాన్నగారినడుగు, చెబుతారు."

"మీ నాన్నగారు ఇంగ్లండులో పురోహితులా, అంకుల్?"

ఆ మాటకు పక్క బల్లలవారు కూడా నవ్వారు. అక్కడితో ఆ ప్రశ్న ముగిసింది.

ప్రదర్శనకు ఎంచుకున్న ఇంటిపేరు థార్న్‌బీయే. పుట చూడముచ్చటగా ఉండేది. తోకచుక్కను కనిపెట్టిన థార్న్‌బీ ఒకడు, చర్చి గీతాలకు స్వరాలు కట్టిన థార్న్‌బీ ఒకడు, పక్షుల బొమ్మలు వేసిన థార్న్‌బీ అనే స్త్రీ, యుద్ధంలో కాళ్లు తెగినవారికి కొయ్యకాళ్లు అమర్చిన వైద్యుడు. చివరగా ఈ సీమవారు ఇద్దరు. ఒకరు జొహోరులో రబ్బరు తోట వేసి పేరుకెక్కిన దొర. రెండవవారు సింగపూరులో వినికిడి లేని పిల్లలకు నలభై ఏళ్లు చదువు చెప్పి, చేతులతో మాట్లాడే భాషకు పుస్తకం కూర్చిన ఎడ్విన్ థార్న్‌బీ. ఈ ఇద్దరి నడుమ కంప్యూటరు ఒక గీత గీసి, ఎడ్విన్ ఆ దొరకు మనుమడని రాసింది.

ఎడ్విన్ అప్పటికి సజీవంగా ఉన్నారు. డెబ్బై ఆరేళ్ల వయసు. పాసిర్ రిస్‌లో ఒంటరిగా ఉండేవారు. మధుమేహం ముదిరి చూపు మసకబారింది, చేతులు వణికేవి. పద్దెనిమిదేళ్లుగా ఆయనకు వండిపెట్టి, ఇల్లు చూసి, కొన్నేళ్లుగా రెండు పూటలా మందు సూది వేస్తున్నది నాగరత్నం. ఆమె కీర్తికకు అవ్వ.

నాగరత్నం ఆ ఇంట అడుగుపెట్టడమే ఒక విశేషం. ఆమె తాత పైడిరాజు ఆ జొహోరు తోటలో కూలీ. కలరా వచ్చిన ఏడు దొర కూలీల లైను ఇళ్లకు బయట తాళాలు వేయించి, బావి దగ్గర కాపలా పెట్టించాడు. మూడు రోజులకు తలుపులు తీసేసరికి పైడిరాజు భార్య, ఇద్దరు బిడ్డలతో కలిపి పద్నాలుగు శవాలు. రోగంతో పోయినవారెందరో, దాహంతో పోయినవారెందరో ఎవరికీ తెలియదు. మిగిలిన ఒక్క కొడుకునూ పక్కన నిలబెట్టుకుని పైడిరాజు సింహాచలం అప్పన్న పేరుమీద బాస చేశాడు. ఆ దొర ఇంటివాళ్ల గడపలో తన వంశంవారెవరూ మంచినీళ్లు పుచ్చుకోకూడదు, ఇవ్వకూడదు.

అందుకే పనికి కుదిరిన మొదటినాడే నాగరత్నం గుమ్మం బయట నిలబడి, మీరు ఆ తోట దొర మనుషులా అని అడిగింది. ఆయన ఆమెను కూర్చోబెట్టి చెప్పారు. తన తాత మలక్కాలో ఒక మిషను మెట్లమీద దొరికిన పసికందు. తల్లిదండ్రులెవరో తెలియదు. బాప్తిస్మమిచ్చిన పాద్రీ తన ఇంటిపేరే ఆ బిడ్డకు పెట్టాడు. అంతకుమించి ఆ పేరుకూ తమకూ ఏ సంబంధమూ లేదు. నాగరత్నం ఆయన ముఖం చూసింది, మాట నమ్మింది, లోపలికి వెళ్లి పొయ్యి వెలిగించింది.

ప్రదర్శనకు ముందు ఆదివారం కీర్తిక ఇంట్లోని కంప్యూటరులో ఆ పుట తెరిచి, మీ ఎడ్విన్‌గారు ఎంత గొప్పవారో చూడు అవ్వా అని ముచ్చటపడి చదివి వినిపించింది. చదువుతూ మనుమడన్న మాట దగ్గరకు వచ్చి తానే ఆగిపోయింది. నాగరత్నం ఆ మాట మళ్లీ చదవమంది. ఇది రాసిందెవరని అడిగింది. మనిషి కాదు, కంప్యూటరే లెక్కకట్టి చెప్పిందని తెలిసినమీదట ఇంకేమీ అడగలేదు. మనిషైతే పగపట్టో పొరపడో రాశాడనుకోవచ్చు. యంత్రానికి ఎవరిమీద పగ?

సోమవారం ఉదయం ఆమె ఆ ఇంటికి వెళ్లి, గుమ్మంలోనే నిలబడి, తాను ఇక రాననీ, ఎందుకు రాదో కూడా చెప్పింది. ఆయన అది అబద్ధమంటూనే ఉన్నారు. ఆమె వినలేదు. తాళంచెవి పొరుగింటి ముసలామెకు ఇచ్చి, చర్చివారికి ఫోను చేసి వేరే మనిషిని చూడమంది. వచ్చే సోమవారానికి పంపుతామన్నారు వారు.

మంగళవారం రంగనాథ్ బల్లమీదికి ఒక ఉత్తరం వచ్చింది. అక్షరాలు వంకరలు పోయి, ఒకదానిమీద ఒకటి పడి ఉన్నాయి. తాను ఆ దొర మనుమణ్ణి కాననీ, తాత బాప్తిస్మపు పత్రం మలక్కాలో ఇప్పటికీ ఉందనీ ఎడ్విన్ రాశారు. ఆ తర్వాత ఇలా ఉంది: "ఇది నా పరువుకోసం అడగడం లేదు. మీ పుట చదివి, నాకు మందు వేసే ఆమె రావడం మానింది. నా చేతులు వణుకుతాయి, సూదిమీది గీతలు కనబడవు. మీరు ఆ ఒక్క మాట తీసివేస్తే, దానిని ఆమెకు చూపించగలను. వీలైతే త్వరగా."

రంగనాథ్ ఆ ఉత్తరం రెండుసార్లు చదివాడు. రెండవసారి చదివేటప్పుడు అతనికి తెలిసింది, తప్పు ఒక్క థార్న్‌బీది కాదు. సూత్రమే తప్పు. పాద్రీ పేరు పెట్టుకున్న అనాథలు, యజమాని పేరు మోసిన బానిసలు, పేరు మార్చుకున్న ఓడ కళాసీలు, ఎందరెందరిని తాను ముక్కూ మొగమూ తెలియని ఇళ్లలో చేర్చాడో. ఉత్తరం సంగతి చెప్పకుండా డైరెక్టరు దగ్గరకు వెళ్లి, థార్న్‌బీ పుటలో ఎడ్విన్ తాత విషయంలో చిన్న దిద్దుబాటు ఉందన్నాడు. శుక్రవారం దాకా ఒక్క అక్షరం కదపడానికి వీల్లేదన్నాడు డైరెక్టరు. ఎవరో ముసలాయన తాత ఎవరైతే ఏమి, తర్వాత చూద్దామని నవ్వాడు. రంగనాథ్ కూడా నవ్వి, బయటికి వచ్చి, ఉత్తరాన్ని సొరుగులో పెట్టాడు. నాలుగు రోజులే కదా అనుకున్నాడు.

పుట మార్చకపోయినా నోటిమాట ఒకటి మిగిలే ఉంది. బుధవారం మధ్యాహ్నం చవక భోజనాల దుకాణాలుండే హాకర్ సెంటర్‌లో భోజనం చేస్తుండగా ఆ అవకాశం తానై వచ్చి ఎదుట కూర్చుంది. ఎడ్విన్‌గారి ఇంట పని మానినది తన అవ్వేనని, ఆమె మూడు రోజులుగా సరిగా తినడం లేదని, అప్పన్న పటం ముందు కూర్చుని లేవడం లేదని కీర్తిక చెప్పింది. తరవాత చెంచా పళ్లెంలో పెట్టేసి అడిగింది.

"ఆయన మంచివాడు, అంకుల్. చిన్నప్పుడు నాకు చేతులతో మాట్లాడటం నేర్పాడు. ఆ లింకు నిజమేనా? షూర్ ఆ?"

కాదమ్మా అంటే చాలు. అయితే ఆ పిల్ల లోపాలు రాసే ఉద్యోగి. కాదంటే సాయంత్రానికి అది కాగితమెక్కుతుంది, నలభైవేల ముడులూ విడిపోతాయి, శుక్రవారం కూలిపోతుంది. కూతురి పరీక్ష, పాసు కాగితాలు అతని కళ్లముందు ఆడాయి.

"సూత్రం ప్రకారం వచ్చిందే కదమ్మా," అన్నాడు.

అబద్ధం కాని మాటతో అబద్ధమాడటం ఎంత సులువో అతనికి ఆ క్షణంలో తెలిసింది. కీర్తిక తల ఊపి మళ్లీ చెంచా తీసుకుంది.

శుక్రవారం ప్రదర్శన దివ్యంగా జరిగింది. తోకచుక్క థార్న్‌బీని చూసి అతిథులు ముచ్చటపడ్డారు, వంశవృక్షం చూసి చప్పట్లు కొట్టారు. శనివారం తెల్లవారగానే రంగనాథ్ ఆ ఉత్తరం జేబులో పెట్టుకుని జురాంగ్ ఈస్ట్‌లో రైలెక్కాడు. పాసిర్ రిస్ ఆ దారికి చిట్టచివర. గంటసేపు ప్రయాణంలో క్షమాపణకు మాటలు కూర్చుకున్నాడు. ఎక్కడ వినయం, ఎక్కడ వివరణ, ఎక్కడ నమస్కారం అన్నీ అమర్చుకున్నాడు.

ఆ ఫ్లాటు తలుపు తెరిచే ఉంది. లోపల పోలీసులు ఇద్దరు, గుమ్మంలో ఏడుస్తున్న పొరుగింటి ముసలామె. రెండు రోజులుగా అలికిడి లేదని ఆ ఉదయమే తాళం తీసిందట. వంటింటి నేలమీద మందు సూదులు నాలుగైదు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. ఒక్కదానిలోనూ మందు సరిగా ఎక్కలేదు.

రంగనాథ్ కూర్చుకున్న మాటలన్నీ ఎక్కడివక్కడ చెదిరిపోయాయి. పొరుగామెను దారి అడిగి, అక్కడినుంచి రెండు వీధుల అవతల ఉన్న నాగరత్నం ఇంటికి నడిచి వెళ్లి, గుమ్మంలోనే నిలబడి, మొదట మరణవార్త, ఆ వెనుక తన సూత్రం సంగతి చెప్పాడు. ఉత్తరం తీసి కీర్తిక చేతికిచ్చాడు. ఆమె చదివింది. తేదీ చూసింది. అతనివంక చూడలేదు, ఆ తర్వాత ఎప్పుడూ చూడలేదు.

నాగరత్నం అప్పన్న పటం వంక ఒకసారి చూసి అన్నది.

"ఆయన చెబితే పద్దెనిమిదేళ్లు నమ్మాను, బాబూ. మీ పెట్టె చెబితే ఒక్క పూటలో మానేశాను. నా పాపం నేను మోస్తాను. నువ్వు మాత్రం నాకు చెప్పినట్టే వాళ్లందరికీ చెప్పాలి. ఆయన బడి పిల్లలకు. వాళ్లూ చదివారు ఆ పుట."

ఆ మధ్యాహ్నమే రంగనాథ్ ఆఫీసుకు వెళ్లి సూత్రాన్ని తీసివేశాడు. నలభైవేల ముడులూ ఒక్కసారి విడిపోయాయి. ఎడ్విన్ థార్న్‌బీ పేరు కింద పుట్టిన సంవత్సరం పక్కన ఖాళీగా ఉన్న చోట మరణ సంవత్సరం తన చేతులతో నింపాడు. సోమవారం డైరెక్టరు అతణ్ణి ఉద్యోగంనుంచి తీసివేసి ఆఫీసు కార్డు తీసుకున్నాడు. నెలలోగా దేశం విడవాలన్నారు.

మంగళవారం చర్చిలో అంత్యక్రియలు. ఎడ్విన్ చదువు చెప్పినవారు అరవై డెబ్బై మంది వచ్చారు. నెరిసిన తలలవారూ ఉన్నారు, చంటిపిల్లలను ఎత్తుకున్న తల్లులూ ఉన్నారు. ఎవరికీ వినికిడి లేదు. అంతమంది ఉన్నా ఆ మందిరంలో చడీచప్పుడు లేదు, చేతులు మాత్రం గాలిలో కదులుతున్నాయి. నాగరత్నం ముందు వరుసలో కూర్చుంది.

రంగనాథ్ శవపేటిక పక్కన నిలబడి చెప్పాడు. పక్కనే ఒక పంతులమ్మ ఆ మాటలను చేతులతో చెబుతున్నది. ఈయన ఆ దొర మనుమడు కారని, ఎవరో తెలియని ఒక అనాథ బిడ్డకు మనుమడని, ఈయన చెప్పినదే నిజమని, కంప్యూటరు తప్పు చెప్పిందని, ఆ కంప్యూటరు చేత చెప్పించింది తానేనని. అందరి కళ్లూ పంతులమ్మ చేతులమీదే ఉన్నాయి. కొందరు కన్నీళ్లు తుడుచుకున్నారు. చెప్పడం ముగిసిందనుకుని అతడు దిగబోయాడు.

వెనుక వరుసలో ఒక నడివయసు మనిషి లేచి నిలబడి, చేతులతో ఏదో అడిగాడు. పంతులమ్మ ఆ ప్రశ్నను నోటితో అన్నది.

"అది తప్పని మీకు ఎప్పుడు తెలిసిందని అడుగుతున్నాడు."

శనివారం అనవచ్చు. అంటే నమ్ముతారు కూడా. రంగనాథ్ నాగరత్నం వంక చూశాడు, పేటిక వంక చూశాడు.

"పోయిన మంగళవారం," అన్నాడు. "ఆయన ఉత్తరం రాశారు. ఉదయం పదకొండింటికి అందింది."

పంతులమ్మ చేతులు ఆ మాట చెప్పి కిందికి వాలాయి. ఆయన కన్నుమూసింది ఆ తర్వాతనే అని అక్కడ అందరికీ తెలుసు. లేచినవాడు కూర్చున్నాడు. ఒకరి తరువాత ఒకరు రంగనాథ్‌మీదనుంచీ, పంతులమ్మ చేతులమీదనుంచీ చూపు తిప్పుకున్నారు. వినికిడి లేనివారు చూపు తిప్పుకున్నారంటే ఇక వినడం మానేశారన్నమాట. అతడు ఇంకా ఏదో చెప్పబోయాడు, క్షమించమని కాబోలు. చూసేవారు ఒక్కరూ లేక పంతులమ్మ చేతులు ఎత్తలేదు.

ఈ కథ విన్నవారికీ, వినిపించినవారికీ, చదివి పక్కవారికి చెప్పినవారికీ ఆ స్వామి దీర్ఘాయువునూ నిండు ఆరోగ్యాన్నీ అనుగ్రహించుగాక. చెప్పవలసిన నిజం చెప్పవలసిన పూటనే మీ నాలుకమీదికి వచ్చుగాక. మీ ముసలితనంలో మీ మాట నమ్మేవారు ఒక్కరైనా మీ దగ్గర ఉందురుగాక. శుభమస్తు.