మండలం రోజుల మౌనం

మా అమ్మాయి గౌతమికి అపెండిక్స్ ఆపరేషన్ నాచారంలోని ఒక ఆసుపత్రిలో అయింది. తెలివి రాగానే "అమ్మా" అంది. ఆ మాటలో గొంతు లేదు, గాలే ఉంది.

"ఊపిరి కోసం గొంతులో గొట్టం పెట్టినం. గీ బొంగురు దానంతటదే తగ్గుతది. వారంల తగ్గకపోతే తోల్కరాండ్రి," అన్నాడు డాక్టరు.

వారం అన్న మాట నా చెవికెక్కలేదు. గొట్టం ఒక్కటే ఎక్కింది. మళ్లీ తీసుకెళ్తే మళ్లీ గొట్టం పెడతారు, ఈసారి ఊపిరే ఆగుతుంది అనుకున్నాను. ఏం జరిగినా నాకు ముందు చావే గుర్తొస్తుంది. అందుకే అమ్మవారికి మొక్కుకున్నాను. ఒక మండలం, నలభై ఒక్క రోజులు, పిల్ల నోరు విప్పదు. లోపల పుండుంటే అదే మానుతుంది.

గౌతమి మా ఉప్పల్‌లోనే ఒక చిన్న బడిలో రెండో తరగతి టీచరు. సెలవు పెట్టించాను. ఏం కావాలన్నా ఫోన్లో రాసి చూపించేది.

పదో రోజున మా ఆయన నరేందర్ డ్యూటీ నుంచి వస్తూనే మొదలుపెట్టాడు. "ఏందే, పిల్లను గిట్ల మూగదాన్ని జేసినవ్? ఒక్క మాట అననియ్యి. తగ్గిందో లేదో ఎర్కయితది."

"నువ్ ఊకో. మొక్కు తప్పితే గొంతు నువ్ తెస్తవా?"

"తుమ్మితే దవాఖానాకు ఉరుకుతవ్. గిప్పుడు నిజంగ పోవాల్నంటే పోనియ్యవ్!"

గౌతమి ఫోన్లో రాసింది: "మింగితే గుచ్చుతోంది." తేనె నాకించాను.

నలభై రెండో రోజున తలంటు పోసి, "మాట్లాడు బిడ్డా," అన్నాను. అదే గాలి.

ఏఎస్ రావు నగర్‌లో గొంతు డాక్టరు మనస్విని, గౌతమి ముక్కులోంచి సన్నటి కెమెరా పెట్టి చూసింది. రెండు నిమిషాలు. పిల్ల ఊపిరి ఆగలేదు.

"గొట్టం వేసేటప్పుడు స్వరపేటికలో చిన్న మృదులాస్థి పక్కకు జరిగిందమ్మా. మొదట్లోనే వస్తే దాన్ని చోటికి నెట్టి చూసేవాళ్లం. ఇప్పుడు అక్కడే బిగుసుకుపోయినట్టుంది. ప్రయత్నిస్తాం. పాత గొంతు వస్తుందని మాత్రం చెప్పలేను. ఇన్నాళ్లు ఎందుకాగారు?"

గౌతమి చీటీ తీసుకుని లేచింది.

బయట ఆటో ఆపి, "ఉప్పల్," అంది.

"ఏడికమ్మా? జర గట్టిగ జెప్పు."

"ఉప్పల్."

ఆటో అతను నా వైపు తిరిగాడు. "ఏమంటున్నది పెద్దమ్మా?"

నేను చెప్పబోయాను. గౌతమి అరచెయ్యి నా నోటి మీద పడింది, గట్టిగా. బస్సుల హారన్ల మధ్య మూడోసారి కూడా తనే చెప్పింది. అతను తల అడ్డంగా ఊపి వెళ్లిపోయాడు.

చెయ్యి తియ్యకుండానే ఇంకో ఆటో కోసం రోడ్డు వైపు చూసింది.