కొట్టేసిన గది

మా కొత్త ఇంటి ప్లాన్ గీసిన ఇంజనీరు నాజ్‌నీన్ కాగితాన్ని టేబుల్ మీద పరిచి, "మేడమ్, ఖర్చు ఇంకా తగ్గించాల. ఏం తీసేద్దాం?" అంది. వంటింట్లో మా అక్క అంజనమ్మ మాకోసం టీ వడపోస్తోంది.

కదిరిలో మేం కొన్న స్థలంలో రెండు బోర్లు ఎండిపోయాయి. మూడోది తొమ్మిది వందల అడుగులకు గానీ తడి చూపించలేదు. టీచరుగా రిటైరైనప్పుడు నాకొచ్చిన డబ్బులో చాలా భాగం ఆ గుంతల్లోకే పోయింది. మేడ మెట్లు తీసేశాం. నా పుస్తకాల అలమరలు తీసేశాం. పోర్టికో తీసేద్దామంటే మాత్రం నా భర్త ఓబులేసు ఒప్పుకోలేదు. "నలుగురు లీడర్లు వచ్చిపోయే ఇల్లు. కార్లు యాడ నిలపాల? ఆ వెనక రూము తీసేయమ్మా. వదినకు హాల్లో మంచమేస్తే సరిపోతాది."

నాజ్‌నీన్ నా వైపు చూసింది. పెన్సిలు తీసుకుని ఆ గదిని నేనే కొట్టేశాను.

అక్క మా ఇంటికి వచ్చి ముప్పై ఒక్క ఏళ్లు. బావ చనిపోయిన ఏడాది, నా మొదటి కాన్పుకు మూడు నెలలుండి పోదామని వచ్చింది. "జీతం లేని మనిషి దొరికిందిలే నీకు" అని మా అత్త నవ్వింది. నేనూ నవ్వాను. పొద్దున నేను స్కూలుకు నల్లమాడ బస్సు ఎక్కేసరికి నా చేతిలో క్యారియరు ఉండేది. సాయంత్రం దిగి వచ్చేసరికి పిల్లలకు జడలేసి, పలకలు దిద్దించి, అత్త కాళ్లకు నూనె రాసి ఉండేది. నాకు ఉత్తమ ఉపాధ్యాయిని శాలువా కప్పిన రోజు మైకులో భర్తకు కృతజ్ఞతలు చెప్పాను. ఇంటిపనికి ఎవరూ విలువ కట్టరని మహిళా దినోత్సవాల్లో ఎంత కోపంగా మాట్లాడేదాన్నో! ఆ చప్పట్లు విని ఇంటికొచ్చి, అక్క వడ్డించిన సంగటి తిని, కంచంలోనే చేయి కడుక్కుని లేచేదాన్ని. ప్రతి నెలా నా జీతం ఆయన చేతిలో పెట్టాల్సి వస్తోందని ఏడ్చిన నాకు, అక్క చేతిలో ఏమైనా పెట్టాలని ఒక్క నెల కూడా తోచలేదు. ఇన్నేళ్లలో ఆమె నోరు తెరిచి అడిగింది ఒక్కటే. అదీ నన్ను కాదు, పోయిన నెల నాజ్‌నీన్‌ను. "ఆ రూముకు లోపల గొళ్ళెం పెట్టించమ్మా."

అక్క టీ తెచ్చింది. గ్లాసు దించబోతూ కాగితం మీద అడ్డగీత చూసి ఒక్క క్షణం ఆగింది. "మంచిదే పాపా, ఊడ్చేది తగ్గుతాది" అని లోపలికి వెళ్లిపోయింది. ఆ గొంతులో కోపం ఉండుంటే తట్టుకునేదాన్ని.

టీ తాగి నాజ్‌నీన్ కాగితం చుట్టబోతుంటే ఆపి, రబ్బరు అడిగి తీసుకుని ఆ గీత చెరిపాను. "పోర్టికో తీసేయమ్మా."

"నీకేమన్నా పిచ్చి పట్టిందా? జనం ఏమనుకుంటారు?" ఆయన లేచి నిలబడ్డాడు.

"కార్లు రోడ్డు మీద నిలుపుకోండి."

ఆయనకు ఎదురుచెప్పడం అదే మొదటిసారి. అయినా ధైర్యం చేశాననిపించలేదు. దొంగిలించిన వస్తువును తిరిగి దాని చోట పెట్టేటప్పటి సిగ్గు అది.

వంటింట్లోకి వెళ్లాను. అక్క అప్పుడే సెల్‌ఫోన్ పక్కన పెట్టి పొయ్యి గట్టు తుడుస్తోంది.

"అక్కా, నీ రూము ఉండాది. గొళ్ళెం కూడా."

"మన పాత పక్కింటి రెబెకా లేదూ, పుట్టపర్తిలో లాడ్జీ నడుపుతాందే, వంటకు రమ్మని ఉగాది నుంచి అడుగుతాంది. జీతమిస్తాదంట, ఉండేదానికి రూమంట. ఇప్పుడే ఫోన్ చేసి వస్తానని చెప్పినా."

"పోవద్దక్కా" అన్నాను. అన్నాక గానీ తెలియలేదు, నా మనసులో అన్నిటికంటే ముందు మెదిలింది రేపటి వంట అని.

అక్కకు అది నా మొహంలోనే కనిపించినట్టుంది. తడిచేయి కొంగుకు తుడుచుకుని నా భుజం మీద వేసింది.

"ఆ రూము అట్లే ఉండనీ పాపా, వస్తాలే. ఈసారి చుట్టంగా వస్తా."