కొసరు

రెండువేల ఇరవై ఒకటి, మార్చి పద్దెనిమిది. తొర్రూరులో కిరాణా దుకాణానికి ఆఖరిసారి తాళం వేసి ఇంటికొచ్చిన సాంబయ్యకు ఆ పూట భార్య వరలక్ష్మి ఉప్పుపిండి, పచ్చిపులుసు పెట్టింది. గిన్నె అడుగున ఎర్రగా పట్టిన మాడుచెక్కంతా గోకి అతని కంచంలోనే వేసింది. మరుసటి ఏడే ఆమె పోయింది. పాలు కాగుతున్న వాసన తగిలినప్పుడల్లా సాంబయ్య నాలుక మీదికి ఆ మాడు రుచి వస్తుంది.

ఇప్పుడూ వచ్చింది. ఆవిరి గొట్టం కింద స్టీలు జగ్గు పట్టుకొని నిలబడ్డాడు. జగ్గు లోపల ఒక గీత ఉంటుంది. పాలు అక్కడిదాకే పోయాలి. జనగామ బైపాస్ మీది ఈ కాఫీ షాపులోనే కాదు, ఆ కంపెనీకి ఎన్ని షాపులున్నాయో అన్నిట్లోనూ గీత అక్కడే ఉంటుంది. సాంబయ్య చెయ్యి మాత్రం గీత దగ్గర ఆగదు. ముప్పై ఏళ్లు, తూకం సరిపోయాక కూడా ఇంకో గుప్పెడు శనగపప్పు పొట్లంలో వేసిన చెయ్యి అది.

"అంకుల్, ఇయ్యాల ఒక్కరోజు గీత దాటనియ్యకు," పొద్దున్నే మేనేజరు హిమజ బతిమాలింది. అతని కూతురి వయసు పిల్ల. "పాలు రోజూ తక్కువొస్తున్నయని పెద్దసారే వచ్చి కూసుంటుండు. మల్ల దాటితే తీసేస్తరట. నేనేం చెయ్యలేను."

"నేను చెప్తనే ఉన్న బిడ్డా. గీ చేతికే చెవుల్లేవు."

ఆమెకు నవ్వు రాలేదు.

యాభై తొమ్మిదేళ్ల మనిషికి మరో పని ఎవరిస్తారు? అందుకే పొద్దుటినుంచీ ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకొని పాలు పోశాడు. హైదరాబాదు బస్సులు ఆగాయి, వరంగల్ బస్సులు ఆగాయి. నల్లటోపీ కింద చెమట చెవులదాకా జారింది. జనం ఫోన్లు చూసుకుంటూనే కప్పులు అందుకొని వెళ్లిపోయారు. ఒక్క చుక్క ఎక్కువ పోలేదు. మూలబల్ల దగ్గర కూర్చున్న పెద్దసారు మెచ్చుకోలుగా తల కూడా ఆడించాడు.

మధ్యాహ్నం దాటాక ఈదమ్మ వచ్చింది. తొర్రూరులో అతని పాత గిరాకి. కూతురిని హైదరాబాదు దవాఖానకు తీసుకుపోతోంది. ఆ పిల్ల లోపలికి వస్తూనే కుర్చీలో కూలబడింది.

"సేటూ! నువ్వేనా? నెత్తిమీద గా మూకుడేంది?"

"కంపిని టోపీ, ఈదమ్మా."

"ఉండనియ్. పెండ్లికొడుకు లెక్క కనవడ్తున్నవ్."

ధర విని ఆమె బుగ్గలు నొక్కుకుంది. ఒక్క కప్పే చెప్పింది. సాంబయ్య గీత వరకే పోసి ఇచ్చాడు. ఆమె కప్పులోకి తొంగి చూసింది.

"పొల్ల కడుపుల పొద్దుగాల్నుంచి ఏం పడలే. జర కొసరెయ్యవా, సేటూ?"

తొర్రూరులో రోజూ విన్న మాట. ఇక్కడ ఎవరూ అడగని మాట. సాంబయ్య మూలబల్ల వైపు చూశాడు. పెద్దసారు ఇటే చూస్తున్నాడు. హిమజ కళ్లు దించుకుంది.

సాంబయ్య గీత మునిగేదాకా జగ్గులో పాలు పోశాడు. ఈసారి మణికట్టు పట్టుకోలేదు. కాచి, ఇంకో కప్పు నిండా నింపి, ఆ పిల్ల ముందు పెట్టాడు. పిల్ల తాగినంతసేపూ ఈదమ్మ కొంగుతో విసురుతూనే ఉంది.

బస్సు వెళ్లాక పెద్దసారు లేచి వచ్చాడు. గొంతు పెంచలేదు.

"ఎన్నిసార్లు చెప్పించామండీ. రేపట్నుంచి రావద్దు."

"మంచిది సారూ."

జగ్గు కడిగి బోర్లించాడు. టోపీ తీసి హిమజ చేతికిచ్చాడు. "పోయొస్త బిడ్డా," అని వెనక తలుపులోంచి వెళ్లిపోయాడు.

రాత్రి షాపు కట్టేసే ముందు హిమజ వెనకగదిలోకి వెళ్లింది. కంపెనీ ఇచ్చిన నల్లబూట్లు గోడవారగా జతగా పెట్టి ఉన్నాయి. అలమరలో పెడదామని ఎత్తితే ఒకదాంట్లోంచి కాగితపు ఉండ జారిపడింది. రెండోదాంట్లోనూ ఉంది. వేళ్ల దగ్గర కుక్కుకున్న కాగితపు రుమాళ్లు, పాదం ఒత్తిడికి బిళ్లల్లా గట్టిపడ్డాయి. సైజు పెద్దదని అతను ఏనాడూ చెప్పలేదు. చిన్న సైజు జతలు పై అరలో, డబ్బాల్లోనే ఉన్నాయి.

జారిన ఉండను మళ్లీ వేళ్ల దాకా తోసి, బూట్లను ఉన్నచోటే ఉంచి, హిమజ చప్పుడు కాకుండా తలుపు వేసింది.