కొమ్మ పట్టే మనిషి

ఎంబాతా శవపేటికకు రెండో పట్టీ బిగించి, పిడికిలితో ఒకసారి గుద్ది చూశాడు. కదలలేదు. వ్యాను వెనక తలుపు మూసి, చేతులు తుడుచుకుని, ఆస్పత్రి గుమ్మం వైపు తిరిగి నిలబడ్డాడు. జోహానెస్‌బర్గ్ ఇంకా పూర్తిగా తెల్లారలేదు. ఈ పనికి రాకముందు అతను రొట్టెల వ్యాను తోలేవాడు. ఎందుకు మారావని అడిగితే, రొట్టెలకు తొందర ఎక్కువ అనేవాడు.

తెంజివే లోపలి నుంచి వచ్చింది. అరవై దాటిన మనిషి. చేతిలో రేగు కొమ్మ ఉంది. తమ్ముడు ఫలాఖే ప్రాణం పోయిన మంచం దగ్గర నిలబడి, అతన్ని పేరు పెట్టి పిలిచి, కొమ్మ మీదికి రమ్మని చెప్పి వచ్చింది. పిలవకపోతే పోయినవాడు పోయిన చోటే ఉండిపోతాడు. పెట్టెలో ఇంటికి చేరేది ఒళ్లు మాత్రమే. కొమ్మ పట్టిన మనిషి ఇల్లు చేరేదాకా దానితోనే మాట్లాడాలి, బతికున్నవాళ్లతో మాట్లాడకూడదు.

ముందురోజు ఫోనులో ఎంబాతా ఇదంతా గుర్తు చేయబోయాడు.

"నాకు చెప్తున్నావా బాబూ? నా మొగుణ్ణీ మా మామనీ నేనే తెచ్చుకున్నా. నువ్వు బండి సంగతి చూసుకో" అంది.

ముందు సీట్లో మధ్య చోటు కొమ్మది. తెంజివే దాన్ని అక్కడ నిలబెట్టి పట్టుకుంది. వాల్ నది వంతెన రాగానే ఎంబాతా వేగం తగ్గించాడు.

"ఫలాఖే, నది దాటుతున్నాం. గట్టిగా పట్టుకో" అందామె.

వంతెన దాటాక అతను మళ్లీ వేగం పెంచాడు. ప్రతి నది దగ్గరా, ప్రతి మలుపు దగ్గరా అంతే. రేడియో పెట్టడు.

పెట్రోలు బంకులో గొట్టం పట్టుకున్నవాడికి అతను పాత పరిచయం.

"ఏం పెద్దాయనా, మళ్లీ నోరెత్తని ఆడమనిషిని ఎక్కించుకున్నావు! నాకూ ఒకర్ని చూసిపెట్టరాదూ?"

"నీకు నోరున్నవాళ్లే దొరకలేదు. ముందు ఆ సంగతి చూసుకో."

తెంజివే మొహం కొమ్మ చాటుకి తిప్పుకుంది. భుజాలు మాత్రం నవ్వుకి కదిలాయి.

వాన్ రీనెన్ కనుమ దగ్గర రోడ్డు పక్కన సిమెంటు బల్ల ఉంది. ఎంబాతా ఎప్పుడూ అక్కడ ఆగుతాడు. ఫ్లాస్కు ఇనుప మూతలో టీ పోసి, బల్ల మీద పెట్టి, చల్లారేదాకా ఆగాడు. ఈలోగా జేబులోంచి మాత్ర తీసి నాలిక కింద పెట్టుకున్నాడు. తెంజివే వ్యానులోంచి చూసింది. అడగడానికి లేదు.

తెంజివే ఊరు ఎంసింగా చేరేసరికి ఎండ ఇంకా నడినెత్తికి రాలేదు. ఆడవాళ్లు పాడుతూ ఎదురొచ్చారు. పెట్టె దించారు. తెంజివే కొమ్మను గుండ్రటిల్లు లోపలికి తీసుకెళ్లి, పోయిన పెద్దల కోసం విడిచిన చోట పడుకోబెట్టి, "ఇదిగో ఇల్లు" అని చెప్పి బయటికొచ్చింది. చేతులు కడుక్కుని నేరుగా ఎంబాతా దగ్గరికి వచ్చింది. అతను గోడ నీడన కూర్చుని పెరుగూ మొక్కజొన్న ముద్దా తింటున్నాడు.

"నాలిక కింద మాత్ర పెట్టుకుంటే నేను చూడలేదనుకున్నావా? అప్పట్నుంచి తిట్టాలని నోరు దురద పెడుతోంది."

"తిట్టమ్మా."

"పెళ్లాం ఏం చేస్తోంది? చూసుకోదా?"

"పోయింది. చాలా ఏళ్లయింది. పిల్లల్లేరు."

"మరి నీకేదన్నా అయితే కొమ్మ ఎవరు పడతారు?"

"ఈ దారి నాకంటే ఎవరికి తెలుసు? నేనే వచ్చేస్తాలే."

"ఎవరింటికొస్తావు?"

ఎంబాతా ముద్దని పెరుగులో అద్దాడు. అతని సొంతూరు నోంగోమాలో ఇల్లు పడిపోయి అందులో ఎవరి మేకలో ఉంటున్నాయి.

"మా అమ్మమ్మ మీ ఎంబాతాల ఇంటి ఆడపడుచే. ఇవాళ్టి నుంచి నువ్వు నా తమ్ముడివి. తిట్టడానికి నాకొకడు కావాలి. ఉన్నవాడు పోయాడు."

"సరే అక్కా" అన్నాడు ఎంబాతా. గిన్నె ఖాళీ చేశాడు.

వెళ్తూ వెళ్తూ ఎంబాతా వాళ్లింటి కంచెలోంచి ఒక రేగు కొమ్మ కోసుకున్నాడు. సిటీలో రేగు చెట్టు దొరకదు. తర్వాత వచ్చేవాళ్లకి కావాలి. తడి గోనెలో చుట్టి సీటు వెనక పెట్టాడు.

కనుమ దగ్గర మళ్లీ ఆగాడు. మూతలో టీ పోసి బల్ల మీద పెట్టాడు. బల్లకు వీపు ఆనించి కూర్చున్నాడు. ఎండ కొండ దిగుతోంది. టీ చల్లారింది. అతను తాగలేదు. అగ్గిపెట్టె అడుగుదామని వచ్చిన లారీ డ్రైవరు అతన్ని చూసి, వ్యాను మీదున్న కంపెనీ నంబరుకి ఫోను చేశాడు.

కంపెనీ యజమాని ద్లాద్లాకు ఎంబాతా బంధువుల నంబరు ఒక్కటీ దొరకలేదు. చివరికి తెంజివేకి ఫోను చేశాడు.

"అతని చుట్టాలెవరన్నా తెలుసా అమ్మా?"

"నేనే. అక్కని."

"అక్క ఉందని ఎప్పుడూ చెప్పలేదే! ఎప్పట్నుంచి?"

"మంగళవారం నుంచి."

శనివారం కొత్త డ్రైవరు అదే వ్యానులో ఎంబాతా పెట్టె తీసుకుని బయల్దేరాడు. తెంజివే బస్సెక్కి కనుమకి ఎదురొచ్చింది. ఎంబాతా కోసిన కొమ్మ సీటు వెనక గోనెలోనే ఉంది. ఆకులు ముడుచుకున్నాయి. ఆమె దాన్ని బల్ల దగ్గరికి తీసుకెళ్లింది.

"ఎంబాతా, లే తమ్ముడూ. అందర్నీ దించావు, చాలు. ఫలాఖే పక్కనే నీకూ తవ్వించాను. రా, మనింటికి పోదాం."

"వెళ్దామా అమ్మా?" అన్నాడు డ్రైవరు. ఆమె పలకలేదు. కొమ్మను మధ్య సీట్లో నిలబెట్టి ఎక్కింది.

మొదటి వంతెన దగ్గర అతను వేగం తగ్గించలేదు. ఆమె ముందున్న డాష్‌బోర్డు మీద అరచేత్తో గట్టిగా కొట్టింది. తగ్గించాడు.

"నది దాటుతున్నాం, ఎంబాతా."

వెనక, కనుమ దగ్గర సిమెంటు బల్ల మీద ఫ్లాస్కు మూత అలాగే ఉంది, అడుగున టీ ఎండి చార కట్టింది.