చొక్కా మీద నుంచి విన్న గుండె

ఆరుగురు హౌస్ సర్జన్లం వరుసగా నిలబడ్డాం. నేను చివర. మంచం మీద దర్జీ తాత చొక్కా విప్పి, ఎడమ పక్కకి ఒత్తిగిలి పడుకున్నాడు. ఇవాళ ఇంటికి వెళ్లిపోతానని సంచి సర్దుకుని పక్కనే పెట్టుకున్నాడు.

మా వార్డులో ఒక పద్ధతి ఉంది. పెద్ద డాక్టరు గారు ముందు తను విని, తన స్టెతస్కోపునే వరుసలో అందరికీ ఇస్తారు.

"మామూలుగా లబ్, డబ్, రెండే చప్పుళ్లు. ఈ వయసులో డబ్ వెనకే మూడోది మెల్లగా వినబడిందంటే గుండె అలిసిపోతోందేమోనని అనుమానించాలి. వినండి," అన్నారు.

ఐదుగురూ విన్నామని తలూపారు. నా వంతు వచ్చింది. మూడోది దేవుడెరుగు, మొదటిదే లేదు! వాళ్లందరికీ వినబడి నాకొక్కదానికే వినబడలేదంటే పరువేం కాను?

"విన్నాను సార్. మూడోది స్పష్టంగా ఉంది."

స్పష్టంగా అట! నా నోరు పడిపోను.

ఆయన స్టెతస్కోపు తల తిప్పి చూపించారు. "మీరు ఆనించిన ఈ చిన్న గిన్నె వైపు నుంచి చప్పుడు వచ్చే దారి మూసి ఇచ్చాను. ఎవరికీ ఏమీ వినబడదు."

తర్వాత కేసు షీటు తీశారు. "పొద్దున 'అదనపు చప్పుళ్లు లేవు' అని రాసింది నువ్వేగా? అది చూసే ఈయన్ని ఇంటికి పంపిస్తున్నాం. అప్పుడు లేనిది ఇప్పుడు స్పష్టంగా ఎలా వచ్చిందమ్మా?"

తల కొట్టేసినట్టయింది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

"పొద్దున తొందరలో చొక్కా మీదే పెట్టి రాసేశాను సార్. ఇప్పుడూ ఏమీ వినలేదు."

మిగతా ఐదుగురూ నేల చూపులు చూశారు. ఆయన దారి తెరిచి స్టెతస్కోపు నా చేతికిచ్చారు. గిన్నెని తాత ఛాతీ మీద తేలిగ్గా ఆనించాను. లబ్, డబ్. ఆ వెంటనే, పక్క గదిలో ఎవరో అడుగు వేసినట్టు, సన్నగా ఇంకొకటి. మళ్లీ విన్నాను. ఉంది.

"తాతా, ఇవాళ మిమ్మల్ని పంపలేం," అన్నాను.

తాత సంచి వైపు ఒకసారి చూశాడు. "వస్తున్నానని మా అమ్మాయికి చెప్పేశానే... పోనీలే. నీ తప్పేం లేదు తల్లీ. పొద్దున నువ్వు హడావిడిలో ఉన్నావని నేనే చొక్కా విప్పలేదు. కావాలంటే ఇంకోసారి విను."

తాత మొహం చూడలేక, తల దించుకునే మళ్లీ విన్నాను.