బండి లోలో ఉన్నప్పుడు

టేకులపల్లి అడవిలో జామాయిల్ కట్టె నింపుకొని వీరన్న లారీ పొద్దున్నే సారపాక కాగితం మిల్లుకు బయల్దేరేది. దారిలో తండా వాళ్లు చెయ్యెత్తితే ఆపేవాడు. నవ్వుకుంటూ ఎక్కేవాళ్లు, గుట్ట రాగానే గబగబా దిగి, అడ్డదారిన నడిచి, గుట్ట అవతల మళ్లీ ఎక్కేవాళ్లు.

ఎందుకంటే ఆ లారీ వెనక ఇరుసుకు రెండు నడకలు. గేరు రాడ్డు మీది బొత్తాం పైకి లాగితే హై, అది చదును రోడ్డుకు. కిందికి నొక్కితే లో, అది బరువుతో గుట్ట ఎక్కడానికీ దిగడానికీ. లోలో పడిందంటే ఇరుసు సన్నగా మూలుగుతూ, క్యాబిన్‌లో ఎవరి గుండె ఎక్కువ బరువుగా ఉంటే వాళ్ల లోపలి మాట పైకి చెప్పేది. లో అంటే లోపలే గదా అనుకున్నారు తండా వాళ్లు. ఒకసారి బడి సారు ఎక్కితే, భార్య పక్కనుండగానే, ఆమె పప్పుచారు గురించి ఆయన మనసులోని నిజం ఇరుసు నోట బయటపడింది. అప్పట్నుంచి సారు బస్సుకే పోతున్నాడు.

దిగకుండా కూర్చునేది ప్రమీల ఒక్కతే. మిల్లు కాంటా దగ్గర లారీలు తూచే కొలువు ఆమెది. నా దగ్గర దాచేదేముందని కాళ్లు చాపుకునేది. దాచేదంతా వీరన్న దగ్గరే ఉంది. అందుకే గుట్ట వచ్చిందంటే డీజిల్ గురించీ టైర్ల గాలి గురించీ గట్టిగా తలుచుకునేవాడు. ఇరుసు కూడా డీజిల్, డీజిల్ అని గొణిగేది. అడ్డదారిన నడుస్తూ విని ఆ సంగతి కనిపెట్టిన తండా ముసలమ్మ హేమ్లి, "పేర్లనే అన్నను పెట్టుకుంటివి, ఇగ ఆ పిల్ల నిన్నేమని పిలుస్తదిరా" అని ఏడిపించేది.

ఆ రోజు సన్నగా తుంపర. మబ్బులు అలిసిపోయి టేకాకుల మీద కూలబడినట్టున్నాయి. గుట్ట నెత్తికి చేరాక ప్రమీల బయటికి చూస్తూ చెప్పింది. ఇల్లందు అవతలి తండా నుంచి సంబంధం వచ్చిందట. ఇయ్యాల అవ్ అనో కాదనో నాయనకు చెప్పాలట.

"ఏం చెప్తవ్?" అన్నాడు వీరన్న.

"కాదనేటందుకు నాకేం కనిపిస్తలేదు."

దిగుడు మొదలైంది. ఎంత పిలిచినా డీజిల్ మనసులోకి రాలేదు. ఇరుసు మూలుగు మెల్లగా ఆమె పేరులోకి మళ్లుతోంది. ఎక్కే ముందే లో వెయ్యి, దిగేదాక బొత్తాం ముట్టకు అని లారీ నేర్పిన పూల్‌సింగ్ మామ పదే పదే చెప్పాడు. సిగ్గు ముందు ఏ మాట నిలుస్తుంది? వీరన్న క్లచ్ తొక్కి బొత్తాం పైకి లాగేశాడు.

ఇరుసు లోను వదిలింది, హైని అందుకోలేదు. మూలుగు ఆగిపోయి, తుంపర అద్దం మీద పడే చప్పుడు వినిపించింది. కట్టె బరువు వెనక నుంచి తోస్తుంటే లారీ తనంతట తానే జారసాగింది. ముందు వంపు, వంపు పక్కన లోయ. బ్రేకు తొక్కితే కాలిన వాసన.

"వీరన్నా, బండి నీ చేతుల ఉన్నదా?"

"లేదు."

"అయితే లో వెయ్యి. ఏమంటదో అననియ్."

బ్రేకు తొక్కిపట్టి, వేగం కొంచెం చచ్చాక, బొత్తాం కిందికి నొక్కి, ఇంజన్‌ను గుర్రుమనిపించి క్లచ్ వదిలాడు. ఇరుసు లోపలి గేరు పళ్లు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. ఎవరో వెనక నుంచి గుంజినట్టు లారీ నెమ్మదించింది.

ఇక ఇరుసు ఆగలేదు. రెండో కాంటా ఖాళీగా ఉన్నా వీరన్న ఆమె వరసలోనే ఎందుకు నిలబడతాడో చెప్పింది. ఆమె తూకం చదివే గొంతు కోసం టన్నులు మోసుకొస్తున్నాడని చెప్పింది. ఈమె పోతే ఈ దారి నాకెందుకని అడిగింది. అడ్డదారిన దిగుతున్న వాళ్లంతా విన్నారు. వీరన్న మాత్రం రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

గుట్ట కింద జనం చెయ్యెత్తబోతే హేమ్లి కసిరింది, ఇప్పుడు ఆపితే పాపమని.

చదును వచ్చింది. వీరన్న బొత్తాం మీద చెయ్యేశాడు. ఆ చేతి మీద ప్రమీల చెయ్యి పడింది.

"ఉండనియ్. ఇన్నాళ్లు నీదే బరువాయె, నా వంతు రాకపాయె."

లారీ లోలోనే నత్తలా సాగింది. ఇరుసు మళ్లీ అందుకుంది, ఈసారి ఆడగొంతుతో. అంతలో ఆమె ఫోన్ మోగింది. నాయన. ప్రమీల ఫోన్ ఎత్తి, తానేమీ మాట్లాడకుండా, ఇరుసుకు వినపడేలా వంగి కిందికి పట్టింది.